తిరిగి బాగుపడ్డవాళ్ళు

"తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది" అని మనకో సామెత ఉంది. ఎవరు పుట్టించారో తెలియదుగాని, పుట్టించినవాళ్ళు ఆడవాళ్ళు మాత్రం కారని నా గట్టి నమ్మకం. మా అమ్మ ఈ సామెతని నా మీద రెండేరెండుసార్లు ప్రయోగించింది. మొదటిసారి 1984లో, నాకు పదమూడేళ్ళప్పుడు. రెండోసారి నిరుడు, నాకు యాభై మూడేళ్ళప్పుడు. రెండుసార్లూ నేరస్తురాలిని నేనే. దొరికిన సాక్ష్యం కూడా ఒక్కటే, సైకిలు!

నిరుటి సంగతి ముందు చెప్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి చప్పుడు కాకుండా వరండాలోంచి సైకిలు కిందికి దింపుతున్నాను. దీపం పెట్టుకుందామని లేచిన అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా తలమీద హెల్మెట్టు, కాళ్ళకి బిగుతుగా నల్లలాగు, పైన మావారి పాత చొక్కా, నడుముకి చిన్న సంచి. వేషం చూస్తే కన్నం వెయ్యడానికి బయల్దేరినట్టే ఉంది.

"ఎక్కడికే ఈ వేళప్పుడు?"

"భీమిలి దాకా వెళ్ళొస్తానమ్మా."

"భీమిలిలో ఎవరున్నారు మనకి?"

"ఎవరూ లేరు."

"మరి పనేమిటి?"

"పనేమీ లేదు."

ఆ చివరిమాటకే అమ్మకి ఒళ్ళు మండింది. సామెత చదివి లోపలికి వెళ్ళిపోయింది.

భీమిలి పొడుగునా నేను దాన్నే ఆలోచిస్తూ తొక్కాను. అమ్మకి కోపం వచ్చింది నేను బయటికి వెళ్తున్నందుకు కాదు, పనిలేకుండా వెళ్తున్నందుకు. మనం బయటికి వెళ్ళాలంటే చేతిలో ఒక సంచి ఉండాలి. కూరలకో, బాంకుకో, గుడికో, మందుల షాపుకో. సంచి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. సంచి లేకుండా, ఊరికే గాలి కోసం, ఒంట్లో ఉన్న సత్తువ ఎంతో చూసుకుందామని వెళ్తే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ సంజాయిషీ నాకొక్కదానికే వచ్చిన గొడవా, ఇంకెవరికైనా వచ్చిందా అని వెతుక్కుంటూ పుస్తకాల్లోకి వెళ్తే, పెద్ద చరిత్రే బయటపడింది. అది మీతో చెప్పుకుందామనే ఈ కాగితాలు.

అసలు నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి కదూ. డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గడప దాకా వచ్చిందండీ, లోపలికి రానివ్వకండి" అన్నారు. నడవమన్నారు. రోజూ అదే పార్కు, అదే బెంచీ, కోడళ్ళ మీద అవే ఫిర్యాదులు. పదిహేను రోజులకే విసుగెత్తింది. అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ వదిలేసిపోయిన గేర్ల సైకిలు వరండాలో దుమ్ము కొట్టుకుని ఉంది. గాలి కొట్టించి ఎక్కాను. సైకిలు ఒకసారి వస్తే మరిచిపోవడమంటూ ఉండదని అంటారు. నిజమే, కాళ్ళు మరిచిపోలేదు. మరిచిపోయినది ధైర్యం. వెనకనించి ఆటో హారను మోగితే చాలు, కాలు దింపేసి రోడ్డు వార నిలబడిపోయేదాన్ని.

ఆర్నెల్లకి ఆ భయం తీరింది. ఆదివారాలు బీచి రోడ్డు మీద కలిసే సైకిలు మిత్రుల్లో ఒకమ్మాయి, "ఆంటీ, మీరు ట్రయథ్లాన్‌కి రాకూడదూ?" అంది. అదేమిటో తిండి పదార్థం కాబోలనుకున్నాను.

పేరుకి నోరు తిరగదుగాని ఆట చెప్పడం సులువే. ముందు ఈదాలి. ఒడ్డెక్కి తడిబట్టలతోనే సైకిలు తొక్కాలి. దిగి పరుగెత్తాలి. మధ్యలో గడియారం ఆగదు. బూట్లు తొడుక్కునే వేళ కూడా లెక్కలోకే వస్తుంది. పెళ్ళికి బయల్దేరడానికి గంట పట్టే మనజాతికి ఇదెంత అన్యాయమో మీరే ఆలోచించండి! ఒలింపిక్సులో అయితే ఒకటిన్నర కిలోమీటర్లు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. నాబోటివాళ్ళకి అందులో సగం పెడతారు.

ఈ ఆట వయస్సు నాకంటే తక్కువ. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని సాన్‌డియాగోలో, మిషన్ బే అనే చోట మొదలయింది. ఎప్పుడూ పరుగేనా, కాస్త మార్పు ఉంటే బాగుండునని అక్కడి పరుగుపందాల క్లబ్బువాళ్ళు సరదాకి పెట్టుకున్న పోటీ అది. 46 మంది పూర్తిచేశారు. వాళ్ళలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళం ఆఫీసరూ, ఆయన భార్య జూడీ కూడా ఉన్నారు. తరవాత వాళ్ళు హవాయి దీవులకి బదిలీ మీద వెళ్ళారు. అక్కడ ఒక విందులో, ఈతగాడు గట్టివాడా, పరుగువీరుడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడు గట్టివాడా అని వాదన వచ్చింది. తేల్చడానికి మూడూ కలిపి ఒకే రోజున పెట్టారు. 3.8 కిలోమీటర్ల సముద్రపు ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల మారథాన్ పరుగు. దానికి 'ఐరన్‌మాన్' అని, అంటే ఉక్కు మనిషి అని పేరు పెట్టారు. 1978 ఫిబ్రవరి 18న పదిహేనుమంది బయల్దేరారు. పన్నెండుమంది పూర్తిచేశారు. పదిహేనుమందీ మగవాళ్ళే.

మరుసటి ఏడు, 1979లో లిన్ లెమేర్ అనే సైకిలు క్రీడాకారిణి బరిలో దిగింది. ఆడది ఆవిడ ఒక్కర్తే. పదమూడు గంటలకి అయిదు నిమిషాలు తక్కువలో పూర్తిచేసి, మొత్తం మీద అయిదో స్థానంలో నిలబడింది. ఉక్కు 'మాన్' అని పేరు పెట్టిన ఏడాదికే ఆ పేరు తప్పయిపోయింది!

లిన్ లెమేర్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆవిడ సైకిలు ఎక్కడానికి దారి వేసినవాళ్ళు అంతకు తొంభై ఏళ్ళ ముందు ఉన్నారు.

1880లకి ముందు సైకిలంటే ముందు చక్రం మనిషంత ఎత్తుండి, వెనక చక్రం పళ్ళెమంత ఉండే వింత వాహనం. పొడుగు గౌన్లతో ఆడవాళ్ళు దాని మీదికి ఎక్కడం కల్ల. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ సమంగా ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే 'రోవర్' సైకిలు తయారుచేశాడు. మనం ఇవాళ తొక్కే సైకిలుకి అదే తాతగారు. 1888లో బెల్‌ఫాస్టులో ఉన్న డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు చూడలేక, గాలి నింపిన రబ్బరు టైరు తగిలించాడు. బండి మెత్తబడింది. ఆడవాళ్ళ కోసం పైబారు తీసేసి, గౌను ఇరుక్కోకుండా వెనక చక్రానికి వల, చైనుకి తొడుగు పెట్టారు. ఇక చూసుకోండి, 1890ల్లో యూరపులోనూ అమెరికాలోనూ ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేశారు.

వెంటనే కొందరు డాక్టర్లు కూడా వచ్చేశారు. సైకిలు తొక్కే ఆడవాళ్ళకి 'సైకిలు ముఖం' అనే జబ్బు వస్తుందన్నారు. కళ్ళు ఉబ్బుతాయట, దవడలు బిగుసుకుంటాయట, అందం పోతుందట. పిల్లలు పుట్టరన్నవాళ్ళూ ఉన్నారు. మన సామెత వాళ్ళకి తెలియదుగాని భావం అదే. తిరిగితే చెడతావు!

ఆ కాలపు మనిషే ఫ్రాన్సెస్ విల్లార్డ్. అమెరికాలో తాగుడుకి వ్యతిరేకంగా పోరాడిన పెద్ద మహిళాసంఘానికి అధ్యక్షురాలు. 1892లో తల్లి పోయింది. ఆ దిగులుతో, అలసటతో ఆరోగ్యం చెడింది. అప్పుడావిడ సైకిలు నేర్చుకోవాలని నిశ్చయించుకుంది. ఎన్నో ఏట అనుకున్నారు? యాభై మూడో ఏట! అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సైకిలుకి 'గ్లాడిస్' అని ముద్దుపేరు పెట్టుకుంది. రోజుకి పావుగంట చొప్పున సుమారు మూడు నెలలు పట్టిందిట, తొక్కడం, తిప్పడం, దిగడం, ఎక్కడం వచ్చేసరికి. అనుభవమంతా 1895లో చిన్న పుస్తకంగా వేసింది.

అందులో ఒకచోట చిన్నతనం చెప్తుంది. పల్లెటూళ్ళో పదహారో ఏడు వచ్చేదాకా పొలాల్లో మగపిల్లాడిలా పరుగులు తీసిందట. పదహారో పుట్టినరోజున కాళ్ళకి అడ్డం పడే పొడుగు గౌను వచ్చింది, జుట్టు ముడి వేశారు, పరుగు ఆగిపోయింది. ఆ ఆగిన పరుగు మళ్ళీ సైకిలు మీద దొరికింది, ముప్ఫయ్యేడేళ్ళకి.

అక్కడ పుస్తకం మూసేసి కాసేపు కూచున్నాను. గౌను బదులు లంగావోణీ అనుకుంటే అది నా కథే.

నాకు సైకిలు నేర్పింది నాన్నే. విజయనగరం దగ్గర చిన్న ఊరు మాది. గంటకి అర్ధరూపాయి అద్దె సైకిలు మీద, బారు కిందనించి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్నాను. ఏడో తరగతి పాసయ్యానని నాన్న బారులేని ఆకుపచ్చ సైకిలు, సెకండుహాండుది, కొనిపెట్టారు. ఏడాది ఏలాను దాన్ని. 1984 వేసవిలో నేను పెద్దమనిషినయ్యాను. పేరంటం అయింది, కొత్త వోణీలు వచ్చాయి. స్నానం చేసి వీధిలోకి వచ్చి చూసుకుంటే గోడ వార సైకిలు లేదు. నాన్న తన స్నేహితుడి కొడుక్కి ఇచ్చేశారని చెప్పింది అమ్మ. నేను ఏడిస్తే ఓదార్చడానికన్నట్టు సామెత చెప్పింది. నాన్నతో ఆ సంగతి నేను ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే నా కోపం.

చిత్రం చూడండి. అదే 1984 జులై, ఆగస్టుల్లో లాస్‌ఏంజిలిస్ ఒలింపిక్సు జరిగాయి. ఒలింపిక్సు చరిత్రలో మొదటిసారి ఆడవాళ్ళకి సైకిలు పందెం పెట్టింది అక్కడే. మారథాన్ పరుగు పెట్టింది కూడా అక్కడే. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరుగెత్తి చివర అలసిపోతే, పత్రికలు నానా యాగీ చేశాయి. ఆ వంకతో 1960 దాకా వాళ్ళకి 200 మీటర్లు దాటి పరుగే లేకుండా చేశారు. ఆగిన పరుగు 42 కిలోమీటర్ల దాకా రావడానికి అయిదున్నర దశాబ్దాలు పట్టింది. ఆ లాస్‌ఏంజిలిస్‌లోనే మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్సులో సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. ఊరంతా అయ్యో అనుకుంది. నేనూ అనుకున్నాను, వోణీ సర్దుకుంటూ.

బట్టల గొడవ లేని సైకిలు చరిత్ర లేదు. 1894 జూన్‌లో బోస్టన్‌లో ఆనీ కొప్‌చోవ్‌స్కీ అనే ముగ్గురు పిల్లల తల్లి, సైకిలు మీద ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరింది. ఒక మంచినీళ్ళ కంపెనీ వందడాలర్లిచ్చి తమ ప్రకటన తగిలించుకోమంటే, కంపెనీ పేరే తన పేరు చేసుకుని ఆనీ లండన్‌డెరీ అయింది. మొదట్లో పొడుగు గౌను, పంతొమ్మిది కిలోల ఆడ సైకిలు. షికాగో చేరేసరికి పని జరగదని తెలిసింది. దాంట్లో సగం బరువున్న మగవాళ్ళ సైకిలు తీసుకుంది. దానికి పైబారు ఉంటుంది కనక గౌను పనికిరాదు. లాగులాంటి బ్లూమర్లు తొడిగింది. ఆఖరికి మగవాళ్ళ సూటే వేసింది. 1895 సెప్టెంబరులో తిరిగొచ్చింది. దారిలో చాలాభాగం ఓడల మీద వెళ్ళింది లెండి. ఇండియాలో పులుల్ని వేటాడానని కూడా కోతలు కోసింది. ఓడలో పోయే మనిషికి పులి ఎక్కడ ఎదురయిందో! అయినా నాకావిడంటే ఇష్టమే. బారు ఉన్న సైకిలు ఎక్కాలంటే ముందు బట్టలు మార్చాలని ధైర్యంగా తేల్చేసింది.

నా నల్లలాగు వెనక ఉన్న చరిత్ర ఇదన్నమాట. మొదట్లో చుడీదారుతోనే తొక్కాను. రుషికొండ దగ్గర చున్నీ చైనులో పడింది. మెడకి చుట్టుకోలేదు గనక ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ రోజే చున్నీకి నమస్కారం పెట్టాను.

ఇదంతా దొరలదేశాల సంగతి, మనకేమిటి అంటారేమో. మన పక్క తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా సంగతి వినండి. 1990ల మొదట్లో అక్కడ 'అరివొళి' అని అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పితే ఆడవాళ్ళకి కదలిక వస్తుందని కలెక్టరు షీలారాణి చుంకత్ పట్టుబట్టింది. సైకిళ్ళు కొనుక్కోవడానికి బాంకు అప్పులు ఇప్పించింది. కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీలవాళ్ళు, అందరూ ఎక్కారు. 1992 మహిళాదినం నాడు పదిహేను వందలమంది పైచిలుకు ఆడవాళ్ళు ఒక్కసారిగా సైకిళ్ళ మీద బయల్దేరారు. ఆడవాళ్ళ సైకిళ్ళకి కొరత వచ్చి, మగవాళ్ళవే కొనుక్కున్నారు. పైబారు ఉంటే పిల్లని కూచోబెట్టుకోవచ్చుగదా అన్నారట! పత్రికా రచయిత పి. సాయినాథ్ ఈ కథ వివరంగా రాశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో, అక్షరాస్యత పాఠాలు చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఒకచోట పలకా బలపంతో మొదలై సైకిలయింది, ఇంకోచోట సారా మీద పోరాటమయింది. ఇక్కడ నాకు విల్లార్డ్ గుర్తొచ్చింది. సారాని ఎదిరించిందీ ఆవిడే, సైకిలెక్కిందీ ఆవిడే. మత్తులో పడి ఇంటికి రాని మగవాడూ, గుమ్మం దాటలేని ఆడదీ ఒకే ఇంటి కష్టానికి రెండు వైపులని ఆవిడకి తెలుసు.

అయితే ఒక తేడా ఉంది. పుదుక్కోట్టై వనితల సైకిలుకి పని ఉంది, నీళ్ళ బిందె, కూలి, పిల్లల బడి. నా సైకిలుకి పని లేదు. నాది కేవలం సరదా. దానికి సిగ్గుపడాలా అని చాలారోజులు అనుమానపడ్డాను. ఇప్పుడు సిగ్గు లేదు. ఎందుకో చెప్తాను, నాతో ఒక ఉదయం రండి.

విశాఖ బీచి రోడ్డు నించి భీమిలి పాతిక కిలోమీటర్ల పైమాట. చీకట్లో బయల్దేరితే జోడుగుళ్ళపాలెం దగ్గర పడవలు లోపలికి తోస్తూ ఉంటారు. సాగరనగర్ దాటాక తూరుపు తెల్లబడుతుంది. రుషికొండ ఎత్తు ఎక్కేసరికి ఊపిరి గొంతులోకి వస్తుంది. దిగేటప్పుడు ఒంట్లో వయస్సు అంటూ ఏదీ ఉండదు, గాలి ఒక్కటే ఉంటుంది. మంగమారిపేట దగ్గర చేపల వాసన, ఇడ్లీల వాసన కలిసి వస్తాయి. ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. వేసవిలో గాలి నైరుతినించి వీస్తుంది. వెళ్ళేటప్పుడు వీపు తడుతుంది, వచ్చేటప్పుడు గుండెలమీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తుంది. ఈ గాలి ఎటు వీస్తోందని యాభై ఏళ్ళలో ఒక్కనాడూ గమనించలేదు నేను. గాలి అంటే ఆరేసిన బట్టలు ఎగరగొట్టేదనే తెలుసు.

కొన్ని ఆదివారాలు తొట్లకొండ ఎక్కుతాను. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ భిక్షువుల ఆరామం అది. రాతిలో తొలిచిన నీటితొట్లు ఉండబట్టి ఆ పేరు. చిన్న గేరులో, నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా ఎక్కుతుంటే, భిక్షువులు ఇంత ఎత్తుకి ఎందుకు వచ్చారా అనిపిస్తుంది. పైకెళ్ళి సముద్రం చూస్తే ఇంక ఆ ప్రశ్న ఉండదు.

ఈత మాత్రం నన్ను ఏడిపించింది. యాభై రెండో ఏట మా పేట ఈతకొలనులో ఆడవాళ్ళ బాచీలో చేరాను. తల నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడానికే నెల పట్టింది. మానేద్దామనుకున్నప్పుడల్లా ఆరతీ సాహాని తలుచుకునేదాన్ని. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానల్ ఈదబోయి ఓడిపోయింది. నెలరోజులకి మళ్ళీ దిగి, పదహారు గంటల పైన ఈది ఒడ్డెక్కింది. ఆసియా ఆడవాళ్ళలో ఆ పని చేసిన మొదటి మనిషి. నాకు పాతిక మీటర్లు కావాలి, అంతే.

ఇక సైకిలు దిగి వెంటనే పరుగెత్తడముంది చూశారూ, అదొక విచిత్రం. కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. పది నిమిషాలకిగాని మనవి మనకి దక్కవు. మావారు సంచిలో ఉప్పూ నిమ్మరసం నీళ్ళసీసా, ఖర్జూరాలు పెట్టి పంపుతారు. ఆయన చేసే శిక్షణ అదీ.

పందానికి రెండు నెలలుందనగా, కుక్క అడ్డం వచ్చి పడ్డాను. మోకాలు దోక్కుపోయింది, వారం విశ్రాంతి. అమ్మ ఒక్కమాట అనకుండా రోజూ కట్టు కట్టింది. ఏమీ తోచక ఫోనులో 1982 నాటి హవాయి పందెం చూస్తున్నాను. అమ్మ పక్కన కూచుంది.

అందులో జూలీ మాస్ అని ఇరవై మూడేళ్ళ కాలేజీ పిల్ల. చదువుకి కావలసిన పరిశోధన కోసం వచ్చింది. రోజంతా ఈది, తొక్కి, పరుగెత్తి, ఆడవాళ్ళలో అందరికంటే ముందుంది. గమ్యం కనబడుతుండగా ఒళ్ళు మొరాయించింది. కూలింది. లేచింది. మళ్ళీ కూలింది. కొద్దిగజాల దూరంలో పడి ఉండగా వెనకనించి కాథ్లీన్ మెకార్ట్నీ వచ్చి గెలుచుకుపోయింది. జూలీ చేతులమీద, మోకాళ్ళమీద పాకుతూ 29 సెకన్ల తరవాత గీత దాటింది. టెలివిజనులో అది చూసే ఈ ఆట సంగతి లోకానికి తెలిసింది. గెలిచినావిడ కంటే పాకినావిడే జనానికి గుర్తుండిపోయింది.

"అంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ చెయ్యి అందించరేమే?" అంది అమ్మ.

"బయటివాళ్ళు చెయ్యివేస్తే నియమం ఒప్పుకోదమ్మా. తనంతట తనే దాటాలి."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, నా మోకాలికేసి చూస్తూ అంది: "ఆ పచ్చసైకిలు ఇచ్చేసింది మీ నాన్న కాదే. నేనే ఇచ్చెయ్యమన్నాను. ఆయన వద్దన్నారు. వీధిలో నలుగురూ నాలుగు మాటలంటుంటే నాకు భయం వేసింది. నీకు పెళ్ళి కావద్దూ?"

నలభై ఏళ్ళు నేను నాన్న మీద కోపం పెట్టుకున్నాను. ఆయన ఒక్కనాడు కూడా "నేను కాదమ్మా" అనలేదు. ఇప్పుడు నేను చెప్పుకుందామన్నా వినడానికి ఆయన లేరు. అమ్మ మీద కోపం రాలేదా అంటే, వచ్చింది. రెండురోజులు సరిగ్గా మాట్లాడలేకపోయాను. మూడోనాడు ఆలోచిస్తే, ఆవిడకి ఎవరు చెప్పారు తిరిగితే చెడవని? డాక్టర్లు 'సైకిలు ముఖం' వస్తుందంటే ఎంతమంది అమెరికా తల్లులు భయపడి కూతుళ్ళ సైకిళ్ళు దాచారో! మన భయాలు చాలావరకు మనని ప్రేమించేవాళ్ళ చేతులమీదుగానే మనకి వస్తాయి. అందుకే అంత గట్టిగా పట్టుకుంటాయి. కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కట్టు మాత్రం ఆవిడ చేతే కట్టించుకున్నాను.

పందెం రోజు రానే వచ్చింది. ముప్పావు కిలోమీటరు ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిలు, అయిదు కిలోమీటర్ల పరుగు. బయల్దేరేముందు సిస్టర్ మడోనా బూడర్‌ని తలుచుకున్నాను. అమెరికాలో క్రైస్తవ సన్యాసిని. 48వ ఏట పరుగు మొదలుపెట్టి, 55వ ఏట ఐరన్‌మాన్ పూర్తిచేసి, 2012లో 82 ఏళ్ళ వయస్సులో కెనడాలో మళ్ళీ పూర్తిచేసింది. ఆ లెక్కన నాకింకా చాలా టైముంది.

అన్నీ అయ్యాక ఇంటికి ఫోను చేశాను.

"పడలేదు కదా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"ఎన్నోదానివి?"

"చివరినించి మూడోదాన్ని."

"నీ వెనక ఇంకా ఇద్దరున్నారూ?" అంది అమ్మ, నిజంగా ఆశ్చర్యపోతూ.

మొన్న పొద్దున్న నేను తిరిగొచ్చేసరికి పక్కింటి వదినగారు ప్రహరీ అవతలనించి అమ్మని అడుగుతున్నారు, "మీ అమ్మాయి రోజూ చీకటితో ఎక్కడికండీ?" అని. 

"భీమిలి వెళ్ళొస్తుందమ్మా."

"అక్కడేం పని?"

"పనేమీ లేదుట," అంది అమ్మ, ముగ్గు గిన్నె దులుపుకుంటూ. సామెత ఊసెత్తలేదు.